దారాల డబ్బాలో తంగేడు మొగ్గలు

మొన్నటిదాకా మా ఇంట్లో మంచినీళ్లు దొంగతనంగా తాగేవాళ్లం. మేమంటే పెద్ద సంసారమేమీ కాదు, నేనూ, రెండు వీధుల అవతలి నుంచి మధ్యాహ్నాలు వచ్చిపోయే మా వదినా, అంటే మా ఆయన అక్కా. నేను వంటింటి తలుపు వెనక నిలబడి గుటక చప్పుడు కాకుండా తాగేదాన్ని. వదిన సంచిలో సీసా తెచ్చుకుని, స్నానాలగదిలోకి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని బయటికొచ్చేది. చూసినవాళ్లు ఈ వయసులో వీళ్లకిదేం పాడలవాటని అనుకోవచ్చు. ఎదురుగా మా ఆయన ఉంటే మాకు నీళ్లు గొంతు దిగేవి కావు, అంతకంటే వేరే కారణం లేదు.

ఆయనకు రెండు కిడ్నీలూ పోయి రెండున్నరేళ్లయింది. వారానికి మూడుసార్లు పొద్దున్నే ఆసుపత్రి వ్యాన్ వచ్చి గేటు ముందు హారన్ కొడుతుంది. ఆయన దుప్పటీ, మందుల కాగితాలూ ఉన్న సంచీ పట్టుకుని ఎక్కుతాడు. నాలుగు గంటలు అక్కడి మిషను ఆయన నెత్తురు కడిగి మళ్లీ ఒంట్లోకి పంపిస్తుంది. ఇక్కడ నేను కిటికీ పక్కన నా మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటాను. మనిద్దరి బతుకూ చెరో మిషను మీద నడుస్తోందని ఆయన ఒకసారి అన్నాడు. ఆ పూట నవ్వాను కానీ, ఆలోచిస్తే అది అంత నవ్వే మాట కాదు.

ఆయనకు రోజుకు ముప్పావు లీటరు నీళ్లు. టీ, మందులు మింగే గుక్కలు, అన్నీ అందులోనే. అంతకు మించితే ఆ నీరు బయటికి పోయే దారి లేక కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఫైర్ స్టేషన్‌లో పైపు పట్టిన మనిషి. ఒక్క మంట మీద ట్యాంకరు నీళ్లు గుమ్మరించి, ఇంకో ట్యాంకరు ఏదిరా అని కేకేసిన మనిషి. అలాంటివాడు ముప్పావు లీటరును పొద్దుటి నుంచి పడుకునేదాకా సాగదీసుకోవాలి. మొదట్లో గ్లాసు మీద గోళ్లరంగుతో గీత గీసి కొలిచి ఇచ్చేదాన్ని. నాలుగు రోజులు చూసి, “నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? సీసాలో పోసి నా దగ్గర పెట్టు. నా బాధ నేను పడతా” అన్నాడు. అప్పటినుంచి పొద్దున్నే స్టీలు సీసా కొలిచి నింపి, పెరటి వరండాలో ఆయన కుర్చీ పక్కన పెడతాను. సాయంత్రం ఖాళీ సీసా తీసుకెళ్లి కడిగి బోర్లిస్తాను. మధ్యలో దాని జోలికి వెళ్లను.

ఆ వరండాకు ఎదురుగా ఉన్న పెరట్లో ఒకప్పుడు గులాబీలు, మల్లె, ఒక మందారం ఉండేవి. ఆయన జబ్బు పడ్డాక ఒక సాయంత్రం నేను పైపుతో నీళ్లు పడుతుంటే, ఆయన కుర్చీలోంచి లేచి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆకుల మీద నీళ్లు పడే చప్పుడు ఆయన వినలేకపోయాడు. నేను కొళాయి కట్టేశాను. ఆ మర్నాడూ తిప్పలేదు, ఆ పైవారమూ తిప్పలేదు. ముందు గులాబీలు పోయాయి, తర్వాత మల్లె, మొండిగా నిలబడ్డ మందారం అందరికంటే చివర పోయింది. పెరడంతా ఎండు పుల్లలు, పగుళ్లిచ్చిన మట్టి. ఆయన రోజంతా కూర్చుని చూసేది దాన్నే. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

వీధి చివర నర్సరీ ఉంది. దాన్ని నడిపే ఆవిడ ఎవరితోనూ తియ్యగా మాట్లాడదు. ఆవిణ్ణి అడిగాను, నీళ్లు అడగని పూలమొక్క ఏదైనా ఉందా అని.

“ఉంది. బజార్లో, ప్లాస్టిక్‌ది” అంది ఆవిడ, కుండీలోంచి తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. అయినా నిలబడి, పైపు సంగతీ ఆయన సంగతీ చెప్పాను. ఆవిడ బొరిగె కింద పెట్టి చేతులు దులుపుకుంది.

“తంగేడు వేసుకో.”

“అది రోడ్డు పక్కన పెరిగేది కదండీ?”

“రోడ్డు పక్కన దానికి ఎవరు పోస్తున్నారు నీళ్లు?”

మొక్క లేదంది. తంగేడు కొనేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి పెంచనంది. లోపలికెళ్లి నాలుగు ఎండు కాయలు తెచ్చి చేతిలో పెట్టింది. “గింజ పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టు. ఎక్కడ ఉండాలో అక్కడే వెయ్యి, మళ్లీ పీకి నాటకు. దాని వేరు ముందు కిందికి పోతుంది, తర్వాతే ఆకు సంగతి చూసుకుంటుంది. నాలుగాకులు వచ్చేదాకా కాస్త తడి చూపించు. ఆ తర్వాత వాన పడితే తాగుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. జాలిపడి నీళ్లు పోశావా, చేజేతులా చంపుకుంటావు.”

చివరి మాట నాకు బాగా గుర్తుంది. దాన్ని ఆయనకు కూడా చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

వెనక గోడ వారగా మూడు చోట్ల వేస్తే ఒక్కటే మొలిచింది. ఎదురెదురుగా చిన్న చిన్న ఆకులు వేసింది. ఆయన కుర్చీలోంచే ఏమిటది అని అడిగాడు. చెప్పాను. చాలా నెలల తర్వాత ఆయన పళ్లు కనబడేలా నవ్వాడు.

“తంగేడుని పెంచడమేమిటోయ్, అదే పెరుగుతుంది. మా స్టేషన్ వెనక దిబ్బనిండా అదే.”

అది పెరిగింది కూడా. ఆ ఏడు వానలు అంతంతమాత్రమే. అయినా నెలలు గడిచేసరికి మోకాలెత్తుకు వచ్చి కొమ్మలు వేసింది. ఎండకు వాడలేదు, తెగులు పట్టలేదు, ఎదురింటి మేక గోడ దూకి వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. ఇంట్లో నన్ను ఏమీ అడగకుండా బతికేది అదొక్కటే. నాలుగాకులు వేశాక నేను దానికి నీళ్లు పోయలేదు, మాటలు చెప్పలేదు. పొద్దున్నే ఊడుస్తూ ఒకసారి చూసి లోపలికొచ్చేదాన్ని. అదే నాకు పెద్ద విశ్రాంతి.

వ్యాన్‌లో ఆయనతోపాటు వెళ్లేవాళ్లలో లెక్కల మాస్టారని ఒకాయన ఉండేవాడు. కిటికీ పక్క సీటు ఆయనది. ఒకరోజు వ్యాన్ వాళ్ల గేటు ముందు హారన్ కొడితే బయటికొచ్చి, “ఇక చాలు బాబూ, నేను రాను” అని డ్రైవరుతో చెప్పి లోపలికెళ్లిపోయాడు. పదకొండో రోజున పోయాడు. కిడ్నీలు లేనివాళ్లు మిషను మానేస్తే అంతే, పది రోజులు, మహా అయితే పదిహేను. ఆ తర్వాత వారం రోజులు మా ఆయన వ్యాన్ ఎక్కగానే ఆ కిటికీ సీటు మీద తన సంచీ పెట్టి, ఎవరినీ కూర్చోనివ్వలేదట. డ్రైవరు చెప్పాడు.

ఆ వారంలోనే, ఆసుపత్రి నుంచి వచ్చి కుర్చీలో వాలి, తంగేడు వైపు చూస్తూ అన్నాడు.

“ఇది పూసేదాకా వెళ్తానోయ్. పూత చూసి మానేస్తా. అప్పుడు మాత్రం నన్ను బతిమాలకు.”

తువ్వాలు అందుకో అన్నంత మామూలుగా అన్నాడు. నా చేతిలో ఒక చొక్కా ఉంది, కాలరు కుట్టాల్సి ఉంది. “సరే” అన్నాను. అబద్ధం ఎందుకు, ఆ సరే అన్న క్షణంలో నాకూ ఎక్కడో నడుం వాల్చినట్టు అనిపించింది. వారానికి మూడు హారన్లు, ఆ వాంతులు, ఆ నీరసం, దాచుకుని తాగే నీళ్లు, అన్నీ ఒక చోట ఆగుతాయని. మరుక్షణం నామీద నాకే అసహ్యం వేసింది. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఆ చొక్కా కాలరు తిరగేసి కుట్టాను, మళ్లీ విప్పుకోవాల్సి వచ్చింది.

ఎండలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే పెరడు ఊడుస్తుంటే కొమ్మ చివర మొగ్గలు కనబడ్డాయి. గుండ్రంగా, మిరియపు గింజంత, గుత్తిగా ఏడెనిమిది. ఇంకా పూర్తి ఆకుపచ్చగానే ఉన్నాయి. వరండా వైపు చూశాను. ఆయన ఇంకా లేవలేదు. చీపురు కింద పెట్టి, గుత్తిని గోటితో తుంచి, గుప్పిట్లో మూసుకుని లోపలికొచ్చాను. ఎక్కడ పడేయాలో తెలియక మిషను కింద ఉన్న దారాల డబ్బాలో వేసి, పైన కత్తిరింపు ముక్కలు కప్పాను.

అలా మొదలైంది. రెండు రోజులకు ఇంకో కొమ్మ, నాలుగు రోజులకు ఇంకోటి. అది వేస్తూనే ఉంది, నేను తుంచుతూనే ఉన్నాను. పూయడం తప్ప ఏ నేరమూ ఎరగని చెట్టు. దానితో రోజూ పొద్దున్నే నాకు పోట్లాట. చెట్టునే కాదు, ఆయన్నీ మోసం చేస్తున్నాననే సంగతి తెలియక కాదు. కానీ హారన్ మోగినప్పుడు ఆయన సంచీ అందుకుంటున్నాడు కదా. నాకు ఆ సంచీ గేటు దాటితే చాలు.

ఓసారి మొగ్గ ఆయన కంట పడింది. నేను ఊడ్చే వేళకంటే ముందే లేచాడు ఆ రోజు. “మొగ్గేసినట్టుందే” అన్నాడు. “అవునా” అన్నాను. మర్నాటికి అది లేదు. ఆయన చెట్టు దగ్గరికి నడిచి వెళ్లి, వంగి, కొమ్మ చివర చాలాసేపు చూశాడు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను.

తర్వాత నెల తిరగకుండానే రెండు జరిగాయి. తంగేడు కింది ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది. ఆసుపత్రిలో మిషను మీద ఉండగా ఆయనకు బీపీ పడిపోయింది. కాళ్లు కొంకర్లు పోయి, కళ్లు తేలేశాడట. నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి ఆయన తేరుకుని పడుకుని ఉన్నాడు, పెదాలు బీటలు వారి ఉన్నాయి. పెద్ద సిస్టరు నావైపు తిరిగింది.

“ఏమ్మా, ఈయనకి నీళ్లు సరిగ్గా ఇస్తున్నారా?”

“ఇస్తున్నానండీ. ముప్పావు లీటరు, కొలిచి.”

“నాలుగు వారాల నుంచి, ఇక్కడికి రాని రోజుల్లో ఒంట్లో చేరాల్సిన నీటి బరువు పెరగట్లేదు. బుద్ధిగా ఉంటున్నాడు అనుకున్నాం. నాలుక చూడు, చెక్కలా ఉంది. ఎక్కువ తాగొద్దన్నాం కానీ అసలు తాగొద్దనలేదమ్మా.”

నలుగురు రోగుల ముందు ఆ మాట పడ్డాను. ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. ఆవిడ ఇంతెత్తున లేచింది.

“నా తమ్ముడికి గుక్కెడు నీళ్లకి కరువొచ్చిందా నీ ఇంట్లో? ఊరందరి మంటలూ ఆర్పినవాడే వాడు.”

“వదినా, సీసా నిండా పోసే పెడుతున్నాను. సాయంత్రానికి ఖాళీ అవుతోంది.”

“మరి వాడి గొంతెందుకు ఎండుతోంది? గాలి తాగుతోందా ఆ నీళ్లు?”

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, పది నిమిషాలు వంటింట్లో నేల మీద కూర్చున్నాను. లేచి, తంగేడు కొమ్మ ఒకటి విరిచి నర్సరీకి వెళ్లాను. ఆయన సంగతి నాకు అర్థం కాలేదు, కనీసం చెట్టు సంగతైనా ఎవరో ఒకరు చెబుతారు కదా అనిపించింది.

నర్సరీ ఆవిడ ఆకు తిప్పి చూసింది, కాడ గిల్లి వాసన చూసింది.

“నీళ్లు తాగి చస్తోంది ఇది. వేరు కుళ్లుతోంది.”

“నేను చుక్క పోయలేదండీ.”

“నువ్వు పోయలేదు, సరే. ఎవరో పోస్తున్నారు.” కొమ్మ చివర వేలు పెట్టింది. “ఇక్కడ మొగ్గ కూడా తుంచారు. ఒకసారి కాదు, చాలాసార్లు. మేక దీన్ని ముట్టదు. మీ ఇంట్లో ఒకళ్లు దీన్ని పూయనివ్వట్లేదు, ఇంకొకళ్లు బతకనివ్వట్లేదు. ఏం చేసింది పాపం ఇది మీకు?”

నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ నా మొహం చూసి గొంతు తగ్గించింది. “నీళ్లు ఆపి, చుట్టూ తవ్వి ఆ తడిమట్టి తీసెయ్యి. కంకర నింపు. గట్టిదే, లేస్తుంది. ఒక్కసారి పూయనిచ్చి చూడు, ఇక ఆగదు. ఏడాది పొడుగునా ఏదో ఒక కొమ్మ పూస్తూనే ఉంటుంది.”

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, వదిన రావడానికి ఇంకా గంట ఉండగా, నేను మిషను తొక్కడం ఆపకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గుడ్డ లేకుండానే మిషను తొక్కుతున్నాను. చప్పుడు ఆగితే ఆయనకు అనుమానం వస్తుంది.

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో స్టీలు సీసా పట్టుకుని మెట్లు దిగాడు. తంగేడు దగ్గర వంగి, సీసా మూతి మట్టికి ఆనించి, చప్పుడు కాకుండా వంచాడు. సగం పైనే పోశాడు. తర్వాత లాల్చీ జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి అది కూడా పోశాడు. ఆ ఖాళీ సీసా నాలుక మీద వంచుకుని చివరి చుక్క కోసం కాసేపు అలాగే నిలబడ్డాడు. నేను అది చూశాను. అంతవరకూ నాకు కోపమే వచ్చింది, అది చూశాక మిషను ఆపేశాను.

పెరట్లోకి వెళ్లాను. ఆయన దాచే ప్రయత్నం చేయలేదు.

“ఏంటండీ ఇది?”

“అరవకు.”

“నేను అరవట్లేదు. నిన్న ఆసుపత్రిలో దొంగలా నిలబెట్టారు నన్ను. మీ అక్కయ్య నానా మాటలూ అన్నారు. మీరేమో మీ నీళ్లు తెచ్చి దీనికి పోస్తున్నారు. అంత తొందరగా ఉందా? ఇది పూస్తే మానేద్దామనేనా?”

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. మాట్లాడటానికి నోరు తడి లేక పెదాలు చప్పరించాడు.

“మొదట అదే అనుకున్నా. పూస్తే ఓ పని అయిపోతుంది కదా అని. కానీ ఇది మొగ్గ వేస్తోందోయ్. వేసి, నిలుపుకోలేకపోతోంది. పొద్దున్న ఉన్నది మర్నాటికి ఉండట్లేదు. నీళ్లు చాలక రాల్చేసుకుంటోంది అనుకున్నా. రాలినవి కింద కనబడక, చీమలు పట్టుకుపోయాయేమో అనుకున్నా.” కాస్త ఆగాడు. “దాహంతో ఉన్నదాన్ని ఎదురుగా పెట్టుకుని, నా మటుకు నేను తాగుతూ కూర్చోవడం నావల్ల కాలేదు. ఆ దాహం ఏమిటో నీకు తెలీదు. నాకు తెలుసు. మానేయడం సంగతి తర్వాత గుర్తు కూడా లేదు.”

“ఆ చిన్న సీసా?”

“అక్కది. నిన్న వెళ్తూ నా చేతిలో పెట్టింది. నువ్వు సరిగా ఇవ్వట్లేదని దానికి నిన్న అనుమానం వచ్చింది కదా. అది కూడా పోశా.”

నవ్వు రావాల్సిన మాటే. నేను లోపలికెళ్లి మిషను కింద నుంచి దారాల డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టి మూత తీశాను. కత్తిరింపు ముక్కలు పక్కకు తోశాను. నీలం దారాలు, తెల్ల దారాలు, వాటి మధ్య ఎండిపోయిన మొగ్గలు. మొదట్లోవి నల్లబడ్డాయి, నిన్నటివి ఇంకా ఆకుపచ్చగా ఉన్నాయి.

ఆయన వేలితో కదిపి చూశాడు. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది.

“నువ్వా?”

“పూస్తే మానేస్తానన్నారు కదా.”

ఆయన చావకూడదని నేను తుంచాను, నేను తుంచినందుకు ఆయన తన నీళ్లు పోశాడు, ఆ నీళ్లకు చెట్టు కుళ్లింది, నీళ్లు లేక ఆయన పడిపోయాడు. నిన్న ఆయన మిషను మీద కళ్లు తేలేయడానికి కారణం నా గోళ్లు. అది ఆయన అనలేదు. నేనే అన్నాను, బయటికే అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

“ఊరుకో” అన్నాడు ఆయన. “ఏడిస్తే నీకు మళ్లీ నీళ్లు తాగాలనిపిస్తుంది, తలుపు వెనక్కి పరిగెత్తాలి.”

“మీకు తెలుసా?”

“రెండేళ్లకు పైగా ఇదే చూస్తున్నా. తెలీదా? ఇక్కడే తాగు. నువ్వు అలా దాక్కుంటుంటే నేనే దొంగనైనట్టు ఉంటోంది.”

ఆ రోజే తవ్వాను. ఆసుపత్రిలో సూదులు గుచ్చే చేత్తో ఆయన బరువెత్తకూడదు కాబట్టి కుర్చీ దగ్గరగా వేయించుకుని, అక్కడ తవ్వు, ఇక్కడ వేరుంది జాగ్రత్త అని స్టేషన్ ఆఫీసరులా పెత్తనం చేశాడు. ఒకటి రెండుసార్లు నోరు మూసుకోమన్నాను. తడిమట్టి తీస్తుంటే పుల్లటి వాసన వచ్చింది, కొన్ని వేళ్లు చేతికి మెత్తగా తగిలాయి. పాత గోడ కూలగొట్టినప్పటి ఇటుక ముక్కలూ కంకరా నింపాను. మధ్యలో వచ్చిన వదిన సంగతంతా విని, “నా నీళ్లు కూడా చెట్టుకే పోశావట్రా, సన్నాసీ” అని తమ్ముణ్ణి తిట్టి, చీర చెంగు నడుముకి చెక్కి ఇటుక ముక్కలు అందించింది. నాతో నేరుగా ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు, “అన్నం తిను, మొహం పీక్కుపోయింది” అంది. ఆవిడ క్షమాపణ అలాగే ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి ఆయన సీసా నీళ్లు ఆయనే తాగాడు. నేను ఆయన ఎదుటే, వరండా స్తంభానికి ఆనుకుని, గ్లాసుతో తాగాను. మొదటి రోజు ఇద్దరం ఎటో చూస్తూ తాగాం.

ఇక తుంచనని చెప్పాను. ఆయన తల ఊపాడు. మానేయడం గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. బతిమాలొద్దన్నాడు కదా. చెట్టు ముందు సగం ఆకులు రాల్చింది. ఇక అయిపోయిందనుకున్నాం. నెల దాటాక, చచ్చిందనుకున్న కొమ్మ మీద లేత చిగురు కనబడింది. ఇంకో నెలకు చుట్టూ ఆకు కమ్ముకుంది. నేను తుంచిన చోటల్లా రెండేసి కొమ్మలు వేసి మునుపటికంటే గుబురైంది. ఆ తర్వాత కొమ్మల చివర మొగ్గలు వచ్చాయి. పొద్దున్నే ఊడుస్తూ వాటి పక్కనుంచి వెళ్లేటప్పుడు చీపురు రెండు చేతులతో పట్టుకునేదాన్ని. అలిసిపోయాను నిజానికి. ఆయన్ని బతికించడానికి ఇంక ఏ దొంగదారీ మిగల్లేదు.

ఒక పొద్దున లేచేసరికి ఒక గుత్తి విచ్చుకుని ఉంది. ఐదు పూలు, పసుపుపచ్చగా, ఎండ ఇంకా గోడ దిగకుండానే వెలుగుతూ. ఆ రోజు వ్యాన్ వచ్చే రోజు.

నేను ఆయనకు చెప్పలేదు. సీసా నింపి కుర్చీ పక్కన పెట్టి, లోపలికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఆయన లేచి, మొహం కడుక్కుని, వరండాలోకి వెళ్లాడు. కుర్చీ లాగిన చప్పుడు వినబడలేదు. మెట్లు దిగినట్టున్నాడు. సంచీ ఎప్పటిలా తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. దుప్పటి నేను మడిచి పెట్టలేదు. పెడితే బతిమాలినట్టవుతుందేమోనని.

హారన్ మోగింది. నేను సూదిలోకి దారం ఎక్కించబోతే ఎక్కలేదు. కొస నోట్లో తడిపి మళ్లీ పెట్టినా ఎక్కలేదు. రెండోసారి హారన్ మోగింది. డ్రైవరు మంచివాడే కానీ మూడోసారికి దిగి వస్తాడు.

ఆయన లోపలికొచ్చాడు. దండెం మీద దుప్పటి తీసి, నేను మడిచినంత బాగా కాకుండా మడిచి సంచీలో కుక్కాడు. నేను తలెత్తలేదు.

“చూశావా, పూసింది” అన్నాడు.

“చూశాను.”

“ఒక్క గుత్తే. ఇంకా చాలా మొగ్గలున్నాయి.” సంచీ భుజానికి వేసుకున్నాడు. “ఈ పూత అయిపోనీ, అప్పుడు చూద్దాం.”

నర్సరీ ఆవిడ చెప్పిన మాట నా గొంతు దాకా వచ్చింది. అది ఏడాది పొడుగునా పూస్తుందన్న మాట. చెప్పకుండా మింగేశాను. మళ్లీ ఇంకో సంగతి దాస్తున్నాను కదా అనిపించి తల దించుకున్నాను.

ఆయన గుమ్మం దాకా వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెడుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“మా స్టేషన్ వెనక దిబ్బ మీద ఇరవై ఎనిమిదేళ్లు చూశానోయ్ వీటిని. పూత ఆగిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.”

గేటు తీసిన చప్పుడయింది. డ్రైవరు ఏదో అన్నాడు, ఆయన ఏదో జవాబిచ్చాడు. వ్యాన్ మలుపు తిరిగేదాకా విని, సూదిలోకి దారం ఎక్కించుకుని, మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన చొక్కాలు ముందేసుకున్నాను.